గీత దాటొద్దు బేటా!

ఒక పెన్సిల్ అందుకోండి. నిలువుగా నాలుగు గీతలు గీయండి. మధ్యలో ఒక కమాను. గీతల చివర నాలుగు గుమ్మటాలు. అయిపోయింది. చార్మినార్!

అభినందనలు. ఇప్పుడు మీరు 'క్రియేటర్'. దేశ భవిష్యత్తు మీ పెన్సిల్ మొన మీద నిలబడి ఉంది. నవ్వకండి, నేనన్న మాట కాదిది. 2025 మే నెలలో ముంబైలో 'వేవ్స్' అనే మహా సదస్సు జరిగింది. సాక్షాత్తు ప్రధానమంత్రే వచ్చి, భారతదేశంలో ఆరెంజ్ ఎకానమీకి, అంటే క్రియేటివ్ ఎకానమీకి, తెల్లవారిందని ప్రకటించారు. బొమ్మలు గీసేవాళ్లు, కథలు చెప్పేవాళ్లు, ఆటలు తయారుచేసేవాళ్లు కలిసి దేశాన్ని ముందుకు నడిపిస్తారట.

చాలా సంతోషం. ఆరెంజ్ అంటే నారింజే కదా? మరి రసం ఎవరు తాగుతున్నారు? పిప్పి ఎవరి చేతిలో మిగులుతోంది?

జవాబు కోసం ఢిల్లీ పోనక్కర్లేదు. ముంబై అసలే వద్దు. పాతబస్తీకి రండి. గౌలిపురా దాకా వస్తే చాలు.

మా గల్లీలో ఒక పిల్ల ఉంది. పేరెందుకు లెండి. పేరు చెబితే రేపు ఆ పిల్లకే ఏదో ఒక నోటీసు వస్తుంది. బొమ్మల పిచ్చి. చదువు అయిపోయింది, ఉద్యోగం రాలేదు, పిచ్చి మాత్రం మిగిలింది. ఊరికే ఉండక పాతబస్తీ మీద ఒక రంగుల పుస్తకం వేసింది. రంగుల పుస్తకం అంటే రంగుల్లేని పుస్తకం. నల్లగీతలు ఉంటాయి, రంగులు కొన్నవాళ్లు వేసుకోవాలి. మన ఎన్నికల మేనిఫెస్టోలాంటిదే. కాకపోతే ఇందులో గీతలైనా నిజం.

ఇరవై నాలుగు బొమ్మలు. లాడ్‌బజార్‌లో బొగ్గుల కుంపటి ముందు కూర్చుని, మెత్తబడిన లక్కను గాజుగా చుట్టి, చిన్న చిన్న అద్దంముక్కలు అతికే చెయ్యి. లాల్‌దర్వాజా బోనం. మేడ మీద పావురాల గూడు. భట్టీలోంచి ఇనుపచువ్వతో నాన్ లాగుతున్న తాత. మర్ఫా వాయించే కుర్రాళ్లు. కరెంటు తీగకు చిక్కిన పతంగి. పతంగికి చిక్కిన కరెంటు తీగ అన్నా తప్పులేదు, మా గల్లీలో రెండూ ఒకటే.

అచ్చు ఎక్కడ? ఇంకెక్కడ, ఛత్తాబజార్‌లో. ఈ నగరంలో పెళ్లిళ్లు ముందు అక్కడ జరుగుతాయి, కార్డు మీద. తర్వాతే ఫంక్షన్ హాల్లో. అక్కడొక చాచా. ఒకప్పుడు కాతిబ్. కలం చెక్కుకుని, సిరాలో ముంచి, ఉర్దూ అక్షరాలను ముత్యాల్లా పేర్చిన చెయ్యి. కంప్యూటర్ వచ్చింది, అక్షరం పోయింది. ఇప్పుడు పెళ్లికార్డుల ఆర్డర్లు రాసుకుంటున్నాడు. పిల్ల గీసిన బొమ్మలను కళ్లద్దాలకు ఆనించుకుని చూశాడు. 'గీత వణుకుతోంది బేటా' అన్నాడు. 'గీసేటప్పుడు ఊపిరి బిగబట్టాలె. గీత మధ్యలో తెగొద్దు. తెగితే పిల్లగాడి రంగు బయటికి కారుతది.'

ఇంకా చెప్పాడు. ఆర్ట్ పేపర్ నక్కో, నున్నగా ఉంటది, క్రేయాన్ జారుతది. మ్యాప్‌లిథో తీసుకో, గరుకు ఉంటది, రంగు పట్టుకుంటది. పల్చటి కాగితం నక్కో, స్కెచ్‌పెన్ అవతలికి దిగుతది. ఒకవైపే అచ్చు వెయ్యి. మధ్యలో రెండు పిన్నులు చాలు. పెళ్లిళ్ల సీజన్ కదా, నీ పని రాత్రి పన్నెండు దాటినాక చూద్దాం. బస్. అయిదు నిమిషాల్లో ముగిసిన ఈ పాఠానికి ఫీజు, ఒక కప్పు చాయ్. అదీ చాచాయే తాగించాడు.

క్రియేటివ్ ఎకానమీ అంటే ఇదే కదా? వేదిక లేదు, మైకు లేదు, శాలువా లేదు. ఇక సర్కారు వారి క్రియేటివ్ ఎకానమీ చూడండి.

2016లో తెలంగాణ ప్రభుత్వం యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం ప్రత్యేకంగా ఒక విధానం తెచ్చింది. దానికి 'ఇమేజ్' అని ముద్దుపేరు. 2017 నవంబరులో రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు శంకుస్థాపన చేశారు. ఆంగ్ల అక్షరం 'టి' ఆకారంలో భవనమట. ఆ రాయి పడిన రోజున మా పిల్ల తొమ్మిదో తరగతి. లాంగ్‌బుక్కు వెనకపేజీలో సోషల్ టీచర్ బొమ్మ గీస్తూ దొరికిపోయి బెంచీ ఎక్కింది. ఇప్పుడు డిగ్రీ అయిపోయి నాలుగువైపులా దరఖాస్తులు పెడుతోంది. టవర్ ఎంత ఎత్తో, ఎన్ని లక్షల చదరపు అడుగులో అందరూ చెప్పారు. అన్ని లక్షల అడుగుల్లో ఈ పిల్లకు ఒక బల్ల, ఒక కుర్చీ ఎక్కడ వేస్తారు? ఆ ముచ్చట ఎవరూ చెప్పలేదు.

ఈ ఊరికి బొమ్మలు చేతకాదా? ఛోటా భీమ్ ఎక్కడ పుట్టాడు? ఇక్కడే. 2001లో హైదరాబాద్‌లో మొదలైన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ 2008లో టీవీలోకి తెచ్చిన లడ్డూల భీముడు అతను. 'లైఫ్ ఆఫ్ పై' సినిమాలో పులి గుర్తుందా? దాని గ్రాఫిక్స్ చేసిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సినిమా గ్రాఫిక్స్‌కు ఆస్కార్ వచ్చింది. అదే నెలలో కంపెనీ దివాలా పిటిషన్ పెట్టింది. ముందు దివాలా, తర్వాత ఆస్కార్. బొమ్మలు గీసేవాడి బతుక్కి ఇంతకన్నా నిక్కమైన బొమ్మ ఎవరు గీయగలరు?

సరే, పన్ను దగ్గరికి వద్దాం. వద్దన్నా అదే వస్తుంది.

రంగుల పుస్తకం మీద జీఎస్టీ ఎంత? సున్నా. జేజేలు! 2025 సెప్టెంబరు 22 నుంచి పెన్సిల్‌కు సున్నా, క్రేయాన్‌కు సున్నా, రబ్బరుకు సున్నా, నోటుపుస్తకానికి సున్నా. ఫ్లెక్సీలు కట్టారు, పాలాభిషేకాలు చేశారు. మరి అదే రోజున ఇంకొకటి జరిగింది. నోటుపుస్తకాలకు వాడేది తప్ప మిగతా అచ్చు కాగితం మీద పన్ను 12 నుంచి 18 శాతానికి ఎక్కింది. దానికి ఫ్లెక్సీ ఏదీ? పుస్తకానికి సున్నా, పుస్తకంలోని కాగితానికి పద్దెనిమిది. పోనీ, కాగితం మీద కట్టింది వెనక్కి వస్తుందా? రాదు. ఎందుకు రాదు? అమ్మేది సున్నా పన్ను సరుకు కాబట్టి! ఇడ్లీ ఉచితం, పిండికి మాత్రం డబ్బులియ్యి అన్నట్టుంది. సున్నాను ఎటు తిప్పినా సున్నాయే అని బళ్లో చదువుకున్నాం. సర్కారు వారు తిప్పితే టోపీ అవుతుందని ఇప్పుడు నేర్చుకున్నాం.

పుస్తకం వచ్చింది. అమ్మాలి. ఎక్కడ?

'ఫ్యాన్ కన్వెన్షన్‌లో స్టాల్ పెట్టవే' అన్నారు స్నేహితులు. కామిక్స్, కార్టూన్లు, సూపర్‌హీరోల అభిమానుల జాతర అన్నమాట. మన దేశంలో 2011లో ఢిల్లీలో కామిక్ కాన్‌తో ఈ వరస మొదలైంది. 2013లో హైదరాబాద్ వచ్చింది. 2024లో కామిక్ కాన్ ఇండియాను నాడ్విన్ గేమింగ్ అనే సంస్థ 55 కోట్లకు కొనుక్కుంది. అంటే అభిమానానికి ఒక రేటు ఉందని తేలిపోయింది. ఇప్పుడు చిన్నా పెద్దా ఇలాంటి జాతరలు బోలెడు. మా పిల్ల వెళ్లింది దేనికని అడక్కండి. పేరు చెప్పను. నగరం పడమటి కొసన ఒక ఏసీ హాలు. అంతవరకే.

ముందు ఫారం నింపాలి. 'మీ బ్రాండ్ కథ 300 పదాల్లో రాయండి.' బ్రాండా? గౌలిపురాలో ఒక మంచం, మంచం కింద పుస్తకాల కట్టలు. ఇదీ బ్రాండు. 'మీకు ఫాలోవర్లు ఎంతమంది?' ఉన్నారు, పాల పాకెట్టు తేవడానికి పోతే వెంటబడే కుక్కలు నాలుగు. 'మీ ఉత్పత్తి ప్రత్యేకత ఏమిటి?' చేత్తో చేసింది. 'సంతోషం. గమనిక: స్టాల్‌లో చేత్తో రాసిన బోర్డులు పెట్టరాదు.' గిదేం లొల్లి? చేతిపని జాతరలో చేతిరాత నిషేధమా?

ఇక అద్దె. నా లెక్క నేను వేస్తాను. ఇది ఏ నిర్వాహకుడి రేటుకార్డూ కాదు, మీ చాయ్‌బండి దగ్గర మీరూ వేసుకోవచ్చు. మూడు రోజులకు ఒక బల్ల, రెండు కుర్చీలు. పదిహేను వేలు అనుకోండి. దాని మీద 18 శాతం జీఎస్టీ, 2,700. మొత్తం 17,700. పుస్తకం తయారీకి 70 అయిందనుకోండి, 150కి అమ్మితే మిగిలేది 80. బల్ల అద్దె తీరడానికే 222 పుస్తకాలు అమ్మాలి. రోజుకు ఎనిమిది గంటలు, మూడు రోజులు, ఇరవై నాలుగు గంటలు. ఆరున్నర నిమిషాలకు ఒక పుస్తకం! చాయ్ తాగకూడదు, తుమ్మకూడదు, బాత్రూంకు అసలే పోకూడదు. ఇంత చేస్తే లాభం ఎంత? సున్నా. మళ్లీ అదే సున్నా!

ఇందులో ఆటో ఖర్చు కలపలేదు. ఆటో ఎందుకు, మెట్రో ఉంది కదా అంటారా? భేష్. ఎవరికి ఉంది?

జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా అని కాగితం మీద గీత గీశారు. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా రైలు తిప్పారు. మూసీ ఒడ్డుకు రాగానే గీత ఆగిపోయింది. మిగిలింది అయిదున్నర కిలోమీటర్లు. పంటి కింద రాయిలా ఎవరికీ మింగుడుపడలేదు. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఫలక్‌నుమాలో మళ్లీ శంకుస్థాపన చేశారు. తర్వాత ఆ గీతను చాంద్రాయణగుట్ట దాకా, ఏడున్నర కిలోమీటర్లకు సాగదీశారు. మంచిదే. రాళ్లకు కొదవేముంది? పాతబస్తీలో శంకుస్థాపన రాళ్లన్నీ ఏరి పేరిస్తే ఇంకో చార్మినార్ లేస్తుంది. ఈలోగా మా పిల్ల రెండు అట్టపెట్టెలు ఆటోలో వేసుకుని ఎంజీబీఎస్ పోవాలి, మెట్రో ఎక్కాలి, అమీర్‌పేటలో దిగి ఇంకో మెట్రో మారాలి, హైటెక్ సిటీలో దిగి మళ్లీ ఆటో ఎక్కాలి. స్పైడర్‌మ్యాన్ వేషమేసుకున్న కుర్రాడు మాత్రం కారులోంచి హాలు గుమ్మం ముందే దిగాడు. సాలెగూడు అల్లేది ఎవరు, అందులో చిక్కేది ఎవరు?

మొదటి రోజు. జనం కిటకిట. నరుటోలు, బ్యాట్‌మ్యాన్‌లు, ఒక బాహుబలి. మా పిల్ల బల్ల ముందూ ఆగారు. ఏమన్నారు?

'వావ్, సో క్యూట్!' అన్నారు. ఫొటో తీసుకున్నారు. పోయారు.

'పాతబస్తీలో ఇంత టాలెంట్ ఉందా!' అన్నారు. పోయారు. ఉండకేం తల్లీ? 1591లో చార్మినార్ కట్టింది గచ్చిబౌలి నుంచి వచ్చిన కాంట్రాక్టరా?

'సాఫ్ట్ కాపీ పెట్టవా అక్కా, ఇంట్లో ప్రింట్ తీసుకుంటా' అన్నాడొకడు. వాడి చేతిలో ప్లాస్టిక్ కత్తి ఉంది. అదెక్కడ కొన్నావు తమ్ముడూ అంటే, మూడు స్టాళ్ల అవతల, పన్నెండు వందలకు అన్నాడు. విదేశీ హీరో ప్లాస్టిక్ కత్తికి పన్నెండు వందలు బేరం లేకుండా ఇచ్చిన చెయ్యి, లక్క గాజుల బొమ్మల పుస్తకానికి నూటయాభై ఇవ్వడానికి వణికింది. చాచా, ఆ చెయ్యి నువ్వు చూడాల్సింది!

రెండో రోజు ఇంకో మేధావి వచ్చాడు. 'ఇవన్నీ ఏఐ ఉచితంగా గీస్తుంది కదా' అంటూ ఫోన్ తీసి చూపించాడు. నిజమే, గీసింది. ఆ చార్మినార్‌కు అయిదు మినార్లున్నాయి. 'పేరులోనే నాలుగు ఉంది కదా సార్' అంది మా పిల్ల. 'పర్లేదు, పిల్లలకు తెలియదులే' అన్నాడు. పిల్లలకు తెలియకపోవడం మీదే కదా సార్ ఈ దేశంలో సగం వ్యాపారాలు నడుస్తున్నది!

మధ్యలో నిర్వాహకుల మనిషి వచ్చి మెడలో ట్యాగు సవరించుకుంటూ ఒక ఉచిత సలహా పడేశాడు. 'మేడమ్, పాతబస్తీ ఎవరు కొంటారు? హీరోల బొమ్మలు వేయండి, దుమ్ము లేచిపోతుంది.' లేచేది దుమ్మో, ఇంకేదో! 2025లో చిరంజీవి హైదరాబాద్ సివిల్ కోర్టు నుంచి, నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వులు తెచ్చుకున్నారు, తమ పేరు, రూపం అనుమతి లేకుండా వాడుకోకూడదని. తప్పు పట్టను. దొంగ వీడియోల కాలమిది, వాళ్ల ముఖం వాళ్ల సొత్తు. ఒప్పుకుంటాను. నా ప్రశ్న ఒక్కటే. మరి అభిమాని చెమట ఎవరి సొత్తు? రిలీజు రోజు తెల్లవారుజామున నిచ్చెన ఎక్కి అరవై అడుగుల కటౌట్‌కు పూలదండ వేసే కుర్రాడికి ఏ నిర్మాత కూలి కట్టాడు? సొంత డబ్బుతో ఫ్లెక్సీ కడితే అభిమానం. అదే బొమ్మ పుస్తకంలో వేసి పది రూపాయలు సంపాదిస్తే ఉల్లంఘన. ఫ్యాన్ అంటే గాలి విసరడానికేనా, కరెంటు బిల్లు కూడా వాడే కట్టాలా?

అందుకే మా పిల్ల చార్మినార్‌నే నమ్ముకుంది. కులీ కుతుబ్ షా నుంచి వకీలు నోటీసు రాదు.

మూడు రోజులకు ఎన్ని పుస్తకాలు పోయాయి? తొంభై ఒకటి. రెండు వందల ఇరవై రెండు కాదు. తొంభై ఒకటి. పెట్టెలు వెనక్కి మోసుకొచ్చింది. పోతూ పోతూ ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. 'క్రియేటర్ పార్ట్‌నర్' అట! లాభంలో గుర్తురాని పార్ట్‌నర్‌షిప్పు నష్టంలోనే ఎందుకు గుర్తొస్తుంది వీళ్లకు?

ఇలాంటి జాతరలు ప్రపంచంలో అన్నిచోట్లా ఇంతేనా? కాదు. 1975 డిసెంబరులో టోక్యోలో కామికెట్ మొదలైంది. మొదటిసారి బల్లలు వేసింది 32 బృందాలు, వచ్చింది సుమారు 700 మంది. తర్వాత అది లక్షల మంది జాతరైంది. కానీ మూలసూత్రం మారలేదు. అక్కడ ఇంట్లో గీసి, సొంతంగా అచ్చేసుకున్న పుస్తకమే పెళ్లికొడుకు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ అందరూ 'పాల్గొనేవాళ్లే', కస్టమర్ అన్న ఊసే లేదు. ఇక్కడ? పెద్ద కంపెనీల పందిళ్ల మధ్య ఇంట్లో చేసిన పుస్తకం కరివేపాకు. వాసనకు కావాలి, తినేముందు తీసి పక్కన పెట్టాలి.

జపాన్ దాకా ఎందుకు? 1938లో ఉస్మానియా పట్టభద్రులు పూనుకుని, స్థానిక సరుకుకు గిరాకీ తేవాలని పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక ప్రదర్శన పెట్టారు. అదే మన నుమాయిష్. చదువుకున్న కుర్రాళ్లు చిన్న వ్యాపారి కోసం బల్లలు వేసిన ఊరు ఇది! ఆ ఊళ్లోనే ఇప్పుడు చిన్న వ్యాపారి పేరు చెప్పి పెద్దవాళ్లు బల్లలు అద్దెకిస్తున్నారు.

సరే, జాతర కలిసిరాలేదు. మన గల్లీ మనకుంది కదా? ఒక సాయంత్రం మా పిల్ల గుల్జార్‌హౌజ్ దగ్గర దుప్పటి పరిచి కూర్చుంది. అద్దె లేదు, ఫారం లేదు, బ్రాండ్ కథ లేదు. చేత్తో రాసిన బోర్డు మాత్రం ఉంది. గంటలో పదకొండు పుస్తకాలు పోయాయి! ఒక ఆపా బురఖాలోంచి చిల్లర తీసి లెక్కపెట్టి ఒకటి కొంది. కొడుకు అక్కడే బోర్లాపడి, ఉన్న ఒకేఒక్క క్రేయాన్‌తో మొదలుపెట్టేశాడు. ఊదా రంగు చార్మినార్. రంగు మినార్ దాటి, ఆకాశం దాటి, పేజీ అంచు దాకా పోయింది. తల్లి కసిరింది: 'గీత దాటొద్దు బేటా!'

ఆ మాట పూర్తికాకముందే లాఠీ వచ్చింది. ఏ శాఖదో చెప్పను. లాఠీలన్నీ ఒకే చెట్టు కొమ్మలు. 'ఉఠావ్, ఉఠావ్! ఇది ఆక్రమణ!'

ఆక్రమణ! చూశారా మాయ? అదే పుస్తకం, అదే పిల్ల, అవే బొమ్మలు. ఏసీ హాల్లో 17,700 కట్టి బల్ల వెనక నిలబడితే క్రియేటర్. తను పుట్టిన బస్తీలో దుప్పటి మీద కూర్చుంటే కబ్జాకోరు. మధ్యలో తేడా ఏమిటి? ఒక రసీదు. అంతే కదా?

వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. సర్వే పూర్తయి, ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని అందులో ఉంది. ఎక్కడ అమ్ముకోవాలో తేల్చే కమిటీలో వ్యాపారుల ప్రతినిధులు కనీసం 40 శాతం ఉండాలనీ ఉంది. చట్టంలో ఏం లేదు? అన్నీ ఉన్నాయి. అల్లుడి నోట్లో శని ఉన్నట్టు, అమలు ఒక్కటే లేదు. లాఠీ పట్టినవాడు చట్టం చదవలేదు. చదివినవాడు గుల్జార్‌హౌజ్‌కు రాడు.

రాడా? ఎందుకు రాడు, వస్తాడు, అతిథులను వెంటేసుకుని! 2025 మే 13న ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన అందగత్తెలను చార్మినార్ దగ్గర నడిపించారు. మర్ఫా మోగింది. లాడ్‌బజార్‌లో గాజులు తొడిగించారు. అంతకు ముందు ఏడాదే హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ మురిపెం ఒకటి. గాజులకు దుకాణదారులు డబ్బు తీసుకోలేదట, మా చార్మినార్ గురించి, మా బజారు గురించి మీ దేశాల్లో చెప్పండమ్మా, చాలు అన్నారట. వార్తల్లో చదివి కళ్లు చెమర్చాయి. పాతబస్తీది పెద్దమనసు, కాదనను. కానీ ఎప్పుడూ పాతబస్తీయే ఎందుకు పెద్దమనసు చూపాలి? కుంపటి ముందు వేళ్లు కాల్చుకునే చేతికి కూలి రూపంలో ఎప్పుడైనా ఎవరైనా చిన్నమనసైనా చూపారా? ప్రచారంతో కడుపు నిండుతుందా? మర్ఫా వింటే పొయ్యి వెలుగుతుందా?

కెమెరా ఉన్న రోజు అది వారసత్వం. కెమెరా పోయిన మర్నాడు అదే ఆక్రమణ. మాకు కావలసింది రోజుకొక ప్రపంచ సుందరా ఏంది, ఇక్కడ ప్రశాంతంగా కూర్చోవాలంటే?

మా పిల్ల వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు కలం తీసింది. రెండో పుస్తకం. ఇది పెద్దవాళ్ల కోసమట. 2013లో స్కాట్లాండ్‌లో జోహానా బాస్‌ఫర్డ్ అనే చిత్రకారిణి 'సీక్రెట్ గార్డెన్' అని పెద్దలకు రంగుల పుస్తకం వేస్తే ప్రపంచమంతా లక్షల్లో కొన్నారు, మనశ్శాంతి కోసమట. మన పెద్దలకూ కాస్త శాంతి కావాలి కదా? కొన్ని పేజీలు చూపించింది. చూడండి.

మొదటి పేజీ: చుక్కలు కలపండి. ఒక చుక్క ఎంజీబీఎస్, ఇంకో చుక్క చాంద్రాయణగుట్ట. మధ్యలో రైలు గీయండి. గడువు లేదు. మీ పిల్లలు పూర్తిచేసినా ఒప్పుకుంటాం.

రెండో పేజీ: రెండు బొమ్మల మధ్య ఆరు తేడాలు కనిపెట్టండి. ఎడమ బొమ్మలో హాల్లో బల్ల వెనక ఒక అమ్మాయి. కుడి బొమ్మలో దుప్పటి మీద అదే అమ్మాయి. ఆరు తేడాలు దొరకవు. ఒకటే ఉంది. అది రసీదు.

మూడో పేజీ: ఈ బొమ్మలో తోపుడుబండి ఎక్కడ దాక్కుందో కనుక్కోండి. జవాబు: బొమ్మలో లేదు. లారీలో ఎక్కించి తీసుకుపోయారు.

నాలుగో పేజీ: నారింజపండు. ఆరెంజ్ రంగు వేయండి. క్రేయాన్ మీద పన్ను లేదు. ఈ పేజీ కాగితానికి ఉంది.

అయిదో పేజీ: ఒక వేదిక, ఒక మైకు, ఒక నాయకుడు. దయచేసి మీరు రంగు వేయకండి. ఎన్నికకో రంగు ఆయనే మార్చుకుంటాడు.

ఆఖరి పేజీ: మళ్లీ చార్మినార్. కింద ఒక వాక్యం. గులాబీ అరగదీశారు, కాషాయం అరగదీశారు, మువ్వన్నెలు అరగదీశారు, ఆకుపచ్చ అయితే ఏళ్ల తరబడి అరగదీశారు. పాతబస్తీ బొమ్మ ఇంకా నలుపు తెలుపుల్లోనే ఎందుకుంది?

మొన్న ఆ కట్ట పట్టుకుని ఛత్తాబజార్ పోయింది. నేనూ వెంట వెళ్లాను. చాచా కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కో పేజీ లైటు కిందికి జరిపి చూశాడు. నాయకుడి బొమ్మ దగ్గర ఆగాడు. నవ్వలేదు. గీత మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా నడిపించాడు.

'శెభాష్. ఈసారి గీత వణకలేదు. ఊపిరి బిగబట్టినవా బేటా?'

'లేదు చాచా. పళ్లు బిగబట్టిన.'